మావయ్య రాసుకున్న జీవిత చరిత్ర

మా మావయ్యని, అంటే అమ్మకి స్వయానా అన్నయ్యని, ఎవరు ఏమడిగినా జవాబు ఓడలోంచే వచ్చేది. పామర్రు సెంటర్లో "గుడివాడ బస్సు వెళ్లిపోయిందాండీ?" అని అడిగిన పాపానికి ఒకాయన, ఇంగ్లీషు వాళ్లు యుద్ధంలో వాడిన డిస్ట్రాయర్‌ని మన నేవీకి ఎలా అమ్మారో మొత్తం విన్నాడు. ఆలోగా బస్సు కాస్తా వెళ్లిపోయింది. మావయ్య ఆ ఓడ అడుగున, బాయిలర్ గదిలో, పదేళ్లు పనిచేశాడు. అడుగున గనక ఆ పదేళ్లలో సముద్రాన్ని చూసింది తక్కువే. ఈ సంగతి ఆయన చెప్పేవాడు కాదు, అత్తయ్య చెప్పేది. "ఓడ దిగాక ఎవరైనా బోడి మల్లయ్యే. ఈయన మాత్రం దిగాక కూడా ఓడ మల్లయ్యే" అనేది.

అత్తయ్యది దివిసీమలో, హంసలదీవి దగ్గర చేపలు పట్టే కుటుంబం. పెళ్లిచూపుల్లో మావయ్య తన ఓడ పొడవూ వేగమూ ఫిరంగులూ ఏకరువు పెడితే, వాళ్ల నాన్న ఓపిగ్గా విని, "రోజుకి ఎన్ని చేపలు పట్టిద్ది బాబూ?" అన్నాడట. ఒక్కటీ పట్టదని తెలిశాక, మరి దాన్నెందుకు కొన్నారని అడిగాడట. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో మావయ్యకి ఆ ప్రశ్న మీద కోపం తగ్గలేదు.

మా వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు. పెళ్లికి ముందు అత్తయ్యకి బాప్తిస్మం ఇప్పించి కొత్త పేరు పెట్టారు. సంఘం పుస్తకంలోనూ రేషన్ కార్డులోనూ అందరి నోళ్లలోనూ అదే పేరు. మావయ్య మాత్రం ఇంట్లో ఎవరూ లేరనుకున్నప్పుడు పాత పేరుతో పిలిచేవాడు. ఒకసారి గుమ్మంలో ఉండి విన్నాను. "సంఘం వాళ్లు వింటే బాగోదండీ" అని అత్తయ్య కసిరింది. కసిరితే కసిరింది గానీ, పలికింది కూడా.

మనిషి పోయిన కొన్నాళ్లకి జరిపే ఆదరణ కూడికలో వాళ్ల జీవిత చరిత్ర చదవడం మా చర్చిల్లో ఆచారం. పుట్టుక, చదువు, ఉద్యోగం, పెళ్లి, చివరికి ప్రభువు పిలుపు. మా ఇంట్లో చదివేది నేనే. బందరులో టీచర్ని, మైకు లేకపోయినా వినపడతానని పేరు. మావయ్య గుడివాడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, అన్నం మెతుకులతో అంటించిన కవరొకటి నా చేతిలో పెట్టాడు.

"నా చరిత్ర నేనే రాసుకున్నా. మైకు దగ్గరే విప్పు. అక్షరం మార్చావంటే ఊరుకోను."

పోయాక ఎలా ఊరుకోడో అడగబోయి మానేశాను. అలాగే అని మాటిచ్చాను.

ఆయన పోయిన రోజు నుంచి కూడిక దాకా అత్తయ్య నన్ను ఒకటే అడిగింది. "అందులో నా మాట ఉందంటావా?" వాళ్లకి పిల్లల్లేరు. నలుగురిలో ఆయన నోట ఓడ మాటే గానీ తన మాట ఒక్కసారీ వినలేదు ఆవిడ. "ఉండకేం అత్తయ్యా" అన్నాను.

కూడిక నాడు ఆవిడ ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కవరు విప్పి చదవడం మొదలుపెట్టాను. "ఇంగ్లండులో జననం. పొడవు మూడు వందల అడుగుల పైచిలుకు."

"గుడివాడలో గదా పుట్టింది?" అన్నాడు ఒక సంఘపెద్ద.

"పొడుగు మనిషేలెండి" అన్నాడు పక్కాయన.

మాటిచ్చి చచ్చాను, ఏం చేస్తాను, చదివాను. జర్మనీ వాళ్ల జలాంతర్గామిని ముంచిన దగ్గర పాస్టరు గారు అలవాటు కొద్దీ ఆమెన్ అన్నారు. బాయిలర్ రెండుసార్లు మార్చారని చదివితే, "పాపం, గుండె ఆపరేషన్లు" అని వెనక ఎవరో నిట్టూర్చారు. చదువుతూనే పేజీ కిందిదాకా కళ్లు పరిగెత్తించాను. పెళ్లి లేదు. భార్య అన్న మాట ఎక్కడా లేదు. మావయ్య మీద ఒళ్లు మండిపోయింది. అత్తయ్య తల దించుకుని కొంగు మడతలు పెడుతోంది. ఆవిడకి అర్థమైపోయింది.

మిగిలింది కూడా చదివాను. "తర్వాత మన నేవీ కొన్నది. పాత పేరు చెరిపి కొత్త పేరు రాశారు. అందరూ కొత్త పేరుతోనే పిలిచారు. బాయిలర్ గదిలో ఇత్తడి పలక మీద మాత్రం పాత పేరు ఉండిపోయింది. తీసెయ్యమన్నారు. నేను తియ్యలేదు. రోజూ తుడిచేవాణ్ణి. ఎవరూ లేనప్పుడు పైకి చదివేవాణ్ణి. నాకు ఆ పేరే ఇష్టం."

తలెత్తి చూస్తే అత్తయ్య నన్నే చూస్తోంది, కళ్లనిండా నీళ్లు. నేను కాగితం తిప్పబోయేసరికి, కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఇంక చాల్లే అమ్మా, అక్కడితో ఆపు. ఆ తర్వాత దాన్ని తుక్కుకి అమ్మేస్తారు."