సాంచాల చేతిమాట

మా ఊళ్లో మరమగ్గాలను సాంచాలంటారు. వాటి చప్పుడులో మాట వినబడదు, అందుకే షెడ్లలో పనిచేసేవాళ్లు చేతులతో, పెదవుల కదలికతో మాట్లాడుకుంటారు. ఆ చప్పుడే మా అవ్వ చెవులు రెండూ తినేసింది. ఆ చేతిమాట మాకూ వచ్చు కాబట్టి ఇంట్లో ఇబ్బంది లేదు. కానీ సాంచాలు ఒక్కొక్కటే మూతపడి, ఆ చేతిమాట తెలిసినవాళ్లు చాలామంది మహారాష్ట్రలోని భీవండి మిల్లులకు వలసపోయారు. మిగిలినవాళ్లకు అవ్వతో చేతులాడించే ఓపిక లేదు. ఆమె పెళ్లిళ్లకు పోవడం కూడా మానేసింది.

టోకున కొనే సేటుకు వేయకుండా మా చీరలు మేమే అమ్ముదామని నేను ఫోన్‌లో లైవ్ మొదలుపెట్టాను. చీర విప్పి చూపించమని అవ్వను పిలిస్తే కస్సుమంది.

"నాకు ఇనవడది. నలుగుట్ల నన్ను నగుబాటు జేస్తవానే?"

నాదీ ఆమె మొండితనమే. రెక్క పట్టుకొని తెచ్చి నిలబెట్టాను.

మూడోరోజు పొద్దున, భీవండి నుంచి ఒక పెద్దామె చీరను దగ్గరగా చూస్తానని వీడియో కాల్ చేసింది. అవ్వ ఆ చీర కొంగు పరిచి పట్టుకుంది. నేను పక్కన నిలబడి ఫోన్ పట్టుకున్నాను. ఆ పెద్దామె నోరు విప్పలేదు. రెండు వేళ్లు జోడించి టక్కున విడదీసింది. పోగు తెగిందని!

అవ్వ ఉలిక్కిపడి అంచు చూసుకుంది. నిజంగానే ఒక పోగు లేదు. చీర మంచం మీద పడేసి రెండు చేతులూ ఎత్తింది. అవతల ఆమె తన చెవుల మీద అరచేతులు పెట్టి, తనకూ వినబడదని తల అడ్డంగా ఊపింది. ఇక ఇద్దరి చేతులూ ఆగితే ఒట్టు.

ఎక్కడి భీవండి, ఎక్కడి మా వాకిలి! సిగ్నల్ లేదని రోజూ నేను తిట్టే ఫోన్‌లోనే మా షెడ్డు మాట అంత దూరం పోయి తిరిగొస్తోంది. ఆ వేగానికి సగం నాకే అర్థం కాలేదు. చేయి లాగుతున్నా అరగంట ఫోన్ దించలేదు.

కాల్ అయ్యాక, ఏ చీర తీసుకుంటుందట అని చేతులతో అడిగాను.

"చీరల ముచ్చట ఏడొచ్చిందే," అంది అవ్వ, కళ్లు తుడుచుకుంటూ. "చెవులు పోతుంటె నీకు భయం గాలేదా అని అడిగింది. ఇన్నేండ్లల్ల ఎవలన్న అడిగిర్రా?"

నేను కూడా అడగలేదు.