మా ప్రెస్‌కు వచ్చిన పెళ్లికార్డు

సికింద్రాబాద్‌లో మాది పెళ్లికార్డులు అచ్చేసే చిన్న ప్రెస్. పదేళ్లుగా ఆర్డర్లు చూస్తున్న సరిత ఈ రోజు మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, వాట్సాప్‌ల పెళ్లికార్డు ఫైల్ వచ్చింది. నొక్కితే ఏందో యాప్ ఇన్‌స్టాల్ అయితుంటే పరేషానై నెట్ బంద్ చేసిన."

నాకు ఒళ్లు మండింది. "అలాంటివి తెరవొద్దని మొన్ననే అందరికీ చెప్పాను కదా! ఎవరు పంపారు?"

"మీ నంబర్ నుంచే వచ్చింది సార్. మీరు పంపినరని తెరిచిన."

వెంటనే నా ఫోన్ తీసి చూశాను. పొద్దున ఎవరో కస్టమర్ పంపారనుకుని అదే కార్డు నేనూ నొక్కాను. తెరుచుకోకపోతే పనిలో పడి మర్చిపోయాను. అది నా ఫోన్‌ నుంచి దానంతటదే అందరికీ వెళ్లిపోయింది. సరిత దాచకుండా చెప్పబట్టే తెలిసింది.

అందుకే నా నంబర్ ఉన్న అందరికీ చెబుతున్నా: నా నుంచి పెళ్లికార్డు వస్తే తెరవకండి. తెరిచేసినవాళ్లు భయపడకుండా చెప్పండి. ఏ మొహం పెట్టుకుని తిడతాను?