గడపకో మాట

మొన్న మంగళవారం పొద్దున మా టీకాల సారు పోయారు. తొంభై దాటాయి. కబురు చెప్పిన ఆయన కోడలు, "ఆఖరికి డాక్టరుకు గూడ నచ్చజెప్పిండు, నన్ను ఇంటికి తోలుమని" అంది. నమ్మాను. ఆయన మాటకు లొంగనివాళ్ళను మెదక్‌లో నేను పెద్దగా చూడలేదు. మా నాయనమ్మ ఒక్కతే కాస్త గట్టిపిండం.

పోలీసు యాక్షన్ అయిన కొత్త. రజాకార్లు పోయారు, మిలిట్రీ వచ్చింది, వెనకే మశూచి వచ్చింది. సారుకు సర్కారు ఇచ్చినవి ఖాకీ బట్టలు. ఖాకీ కనబడితే చాలు, వాడంతా తలుపులు వేసుకునేది. ఎవరి ఖాకీ అని ఎవరు అడుగుతారు? మూడు రోజులు మూసిన తలుపులకే టీకా గొప్పతనం వినిపించి, నాలుగో రోజు తన పెళ్ళినాటి నల్లకోటు తొడుక్కొచ్చారు. పెళ్ళి పిలుపేమోనని అందరూ తలుపులు తీశారు.

"మందు ఒక్కటే బిడ్డా, గడపను బట్టి మాట మారాలె" అనేవారు. పసుపు రాసిన గడప ముందు, "పోచమ్మతల్లే గీ మందు తోలింది" అనేవారు, ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషయ్యుండి కూడా. చదువుకున్నవాళ్ళతో, "టీకా ఏసుకున్నోళ్ళల్ల ఎవలికొచ్చిందో చూపియ్యుండ్రి" అని వాదించేవారు. తల్లుల దగ్గరికి తన కూతురిని ఎత్తుకెళ్ళి, "ముందు దీనికే ఏసిన" అనేవారు. ఒకసారి కమ్యూనిస్టు సంగం కుర్రవాడి దగ్గర పొరపాటున పోచమ్మ మాట ఎత్తారు. అతను మూఢనమ్మకాల మీద ఉపన్యాసం అందుకున్నాడు. సారు బుద్ధిగా తలూపుతూ విన్నారు. ఉపన్యాసం అయ్యేలోగా అతని చేతికి టీకా అయిపోయింది.

టీకా వేస్తే మశూచి తెచ్చే పోచమ్మతల్లికి కోపమొస్తుందని నాయనమ్మ నన్ను వడ్ల గుమ్మిలో దాచింది. నాకప్పుడు ఆరేళ్ళు.

"పిల్ల లేదు, కౌడిపల్లి పోయింది" అంది.

గుమ్మిలోంచి తుమ్మాను.

"కౌడిపల్లిల సలి మస్తున్నట్టుందవ్వా" అన్నారు సారు, నవ్వకుండా.

పోచమ్మ పనిచేయలేదు. వాదన పనిచేయలేదు. చంకలోని కూతురూ పనిచేయలేదు. "పిలువని పేరంటానికి ఎందుకొచ్చినవయ్యా?" అంది నాయనమ్మ. సారు సంచీ భుజానికి వేసుకున్నారు.

"సరేనవ్వా. ఎదురింటవ్వ తన మనుమరాలికే ముందుగాల ఎయ్యమంటుంది. గాడికే పోత."

ఎదురింటికీ మాకూ కోడిపెట్ట తగాదాతో రెండేళ్ళుగా మాటల్లేవు.

"ఆగు" అంది నాయనమ్మ. "దాని పిల్లకు ముందా? మా పిల్లకేం తక్కువ?" జడ పట్టి నన్ను గుమ్మిలోంచి పైకి లాగింది.

ఎదురింట్లోనూ మా పేరు చెప్పి ఇదే మాట అన్నారని చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ చలికాలం మా రెండిళ్ళకూ మశూచి రాలేదు. పక్కవాడలో తలుపు తీయని ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారు. ముసలితనంలో కూడా ఆ ఇల్లు తలుచుకుని, "ఆ గడపకు ఏం మాట చెప్పాల్నో నాకు దొరకలే బిడ్డా" అని ఏడ్చేవారు. ఆయన్ను నవ్వించడం అప్పుడు నావల్ల అయ్యేది కాదు.

సారును సాగనంపిన రోజు సమాధుల దగ్గర ఎదురింటి మనవరాలు కనిపించింది. నాలాగే పండు ముసలి. నన్ను చూడగానే రవిక చెయ్యి పైకి లాగి టీకా మచ్చ చూపించింది.

"ముందు నాకే ఏసిండు" అంది.

నేనూ చెయ్యి పైకి లాగాను. "నాకే."

పాస్టరుగారు మెల్లగా అనమని సైగ చేశారు. మా ఇద్దరికీ చెయ్యి దించబుద్ధి కాలేదు.