ఎక్స్‌పైర్డ్ అంటే

రాజలింగం, అతని తమ్ముడు భూమేశ్ దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలో రాళ్ల క్వారీ కూలీలు. 2020లో కరోనా సోకి భూమేశ్ ఆస్పత్రిలో చేరాడు. ఒక పొద్దున అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. అవతలి మనిషి ఇంగ్లీషులో చెప్పినదాంట్లో రాజలింగానికి తెలిసిన మాట ఒక్కటే, ‘ఎక్స్‌పైర్డ్’. ఆ మాట అతను వీసాల దగ్గరే విన్నాడు.

వీసా లేదని వైద్యం ఆపేస్తారేమోనన్న భయంతో కంపెనీ ఆఫీసుకు పరుగెత్తాడు.

“సార్, మా తమ్ముని వీసా ఖతమైందట. జల్ది రెన్యూ చెయ్యుండ్రి,” అని బతిమాలాడు. ఇవ్వాళే కావాలని గొడవ పడ్డాడు కూడా.

ముదీర్, అంటే మేనేజర్, విసుక్కుంటూ ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. “వీసా నహీ. భూమేశ్ ఖలాస్,” అన్నాడు.

దహనానికి రాజలింగాన్ని దగ్గరికి రానివ్వలేదు. కొన్నాళ్లకు, ఊళ్లో డిగ్రీ చదువుతున్న కూతురు ప్రేమకు ఫోన్ చేసి ‘ఎక్స్‌పైర్డ్’ మాట సంగతి అడిగాడు.

“లాటిన్ నుంచి వచ్చిందట నాయినా. మొదట ఊపిరి వదులుడు, అటెన్క చచ్చిపోవుడు. గడువు అయిపోవుడనే అర్థం ఆఖర్న వచ్చింది.”



“వాడు ఊపిరి కోసం కొట్లాడిండు బిడ్డా. నేను వీసా కోసం కొట్లాడిన,” అని ఫోన్ పెట్టేశాడు.