పోలండ్ వీరుని పండుగలో పిలిచిన తెలుగు పేరు

మా ఇలినాయ్ రాష్ట్రంలో మార్చి మొదటి సోమవారం సెలవుదినం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ప్రాణమిచ్చిన పోలండ్ దేశపు అశ్వదళ సేనాని గౌరవార్థం దానిని పాటిస్తారు. ఈ ఏడు, 1987లో, ఆ సభలో ఒక తెలుగు సైనికుని పేరు కూడా పిలిచారు. ఆ సంగతి నాతో అంతరించరాదని ఇది వ్రాస్తున్నాను.

ఉదయం ఏడుంబావుకు మా అమ్మాయి నన్ను అరోరా స్టేషన్ వద్ద దింపింది.

"మెడల్స్ పెట్టుకున్నారేంటి నాన్నా? ట్రెయిన్‌లో అందరూ స్టేర్ చేస్తారు!"

"చేయనీ" అన్నాను.

పోలండ్ సైన్యంలో పనిచేసిన మా పొరుగింటి యానెక్ గారు ప్లాట్‌ఫారం మీద వేచి ఉన్నారు. టై వంకరగా ఉంది, సరిచేసుకోమన్నాను.

"హవల్దారూ, యుద్ధం ముగిసిపోయిందయ్యా!" అని నవ్వారు.

ఇటలీలో మేమిద్దరం ఒకే కొండ కోసం పోరాడాము. సైన్యానికి దారులు, వంతెనలు వేసే మా మద్రాసు సాపర్లు ఆ కొండకు బాట వేశారు. కొన్ని వారాల తరువాత ఆయన దళం ఆ బాటలోనే పైకెక్కింది. బాట వేస్తుండగా నా సహచరుడు ఏసోబు గుండు తగిలి మరణించాడు. మృతవీరుల జాబితాలో చేర్చుమని యానెక్ గారు అతని పేరు ముందే పంపారు. నలభైమూడేళ్ళుగా ఆ పేరును ఏ సభలోనూ ఎవరూ పిలువలేదు.

ఎనిమిదిన్నరకు షికాగో చేరి, బస్సులో తొమ్మిదింబావుకు సభామందిరానికి వెళ్ళాము. జాబితాలో ఏసోబు పేరు ఎర్రసిరాతో కొట్టివేసి ఉంది.

"మన్నించండి. మా దళాలవారి పేర్లే చదవాలని నియమం" అన్నారు కార్యదర్శి.

"నియమం నియమమే" అన్నాను. సైన్యం వీడాక ముప్పై ఏళ్ళు ప్రధానోపాధ్యాయుడిగా నేను చెప్పిన మాటే అది. ఆనాడు మాత్రం అంటూనే ఆ ఎర్రగీతను మరోసారి చూశాను.

పదింటికి పుష్పగుచ్ఛం ఉంచి పేర్లు పిలిచారు. ప్రతి పేరుకూ సభ యావత్తూ "రణరంగంలో నేలకొరిగాడు!" అని పోలిష్‌లో బదులిచ్చింది. చివరి పేరు చదివి కార్యదర్శి కాగితం మడిచారు. అప్పుడు యానెక్ గారు కుర్చీ పట్టుకుని లేచారు.

"ఇంకొకడున్నాడు. నేను ఎక్కిన బాట వాడు వేసినదే. సాపర్ ఏసోబు!"

మొదట బదులు పలికినవారు కార్యదర్శి. వెంటనే సభంతా పలికింది. అప్పటికి నేను అటెన్షన్‌లో నిలబడి ఉన్నాను.

భోజనంలో బీట్‌రూట్ చారు, రొట్టె పెట్టారు. కార్యదర్శి కలం తీసుకుని నా పక్కన కూర్చున్నారు.

"వచ్చే ఏటి జాబితాలో చేరుస్తాము. ఇంటిపేరు? ఊరు?"

"రేపల్లె ప్రాంతం" అనగలిగాను. అంతకుమించి తెలియదు.

రెండున్నర రైలులో తిరిగి వస్తూ, ఎక్కినవారు తమకు బాట వేసినవానిని మరువకపోవడం ఎంత గొప్పదో తలచుకుని గర్వించాను. ఈ వ్రాతలో వేళలు తప్పితే దిద్దండి. ఏసోబును ఎరిగినవారెవరైనా చదివితే, అతని ఇంటిపేరు, ఊరు తెలిపి నా లోపం సరిచేయండి. వచ్చే మార్చి లోగా జాబితా సరిగా ఉండాలి.