రాఘవరావు గారి టార్గెట్ కార్డు

2022 వేసవి. టెక్సస్‌లో, ఇర్వింగ్‌కి గంట దూరంలో ఉన్న తుపాకులు బాగుచేసే ఒక చిన్న గన్‌స్మిత్ షాపులో నేను టెస్టింగ్ చూసేదాన్ని. కస్టమర్ తెచ్చిన రైఫిల్‌ని బెంచి మీద ఆనించి కాల్చడం, టార్గెట్ కార్డు మీద పడిన రంధ్రాల మధ్య దూరం కొలవడం, రిపోర్టు రాయడం నా పని. ఆ రంధ్రాల గుంపును గ్రూప్ అంటాం. అది ఎంత చిన్నదైతే తూటాలు అంత నిలకడైనవని లెక్క.

రాఘవరావు గారు డెంటల్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పళ్ల తొడుగులు పోతపోసి రిటైరైన మనిషి. ఇప్పుడు గరాజ్‌లో సీసం కరిగించి తన చిన్న క్యాలిబర్ రైఫిల్‌కి గుళ్లు పోసుకుంటున్నారు. వాటిని క్యాస్ట్ బుల్లెట్లంటారు. వాటితో చేత్తో కూర్చుకున్న తూటాలు హ్యాండ్‌లోడ్లు. అంత సన్నటి బ్యారెల్‌లో సీసపు గుండును నిలకడగా పంపడం కష్టం. అందుకే ఆయన చూపించిన కార్డును వాళ్ల షూటింగ్ క్లబ్‌లో ఎవరూ నమ్మలేదు. వంద గజాల నుంచి ఐదు గుళ్లు, అన్నీ బొటనవేలి గోటి కింద దాగేటంత దగ్గరగా పడ్డాయి. బయటి టెస్ట్ రిపోర్టు తేకపోతే పోటీల్లోంచి పేరు తీసేస్తామన్నారట.

"తెలుగమ్మాయివని రాలేదమ్మా. ఉన్నదున్నట్టు రాయి," అన్నారాయన. అడగకుండానే ఆ మాట ఎందుకన్నారా అని నాకు అనుమానం మొదలైంది.

మా షాపు పద్ధతి ప్రకారం బ్యారెల్‌ని తళతళలాడేలా క్లీన్ చేశాను. రైఫిల్ బాగుందో లేదో చూడటానికి రాగి తొడుగున్న ఫ్యాక్టరీ తూటాలు పది కాల్చాను. బాగుంది. తర్వాత ఆయనవి ఐదు కాల్చాను. అరచేయంత మేర చెల్లాచెదురుగా పడ్డాయి. మరో ఐదూ అంతే. ఆయన తెచ్చిన కార్డు ఏ యాభై గజాల నుంచో కాల్చి ఉంటారనుకున్నాను. ఆయనిచ్చిన విడి గుళ్లు తూచి చూస్తే అన్నీ ఒకే బరువు. అది చూశాక అనుమానం ఇంకా పెరిగింది. ఇంత నేర్పున్న మనిషికి మోసం చేయడం ఎంతసేపు?

మర్నాడు ఆయన్ని పిలిచి నేను కాల్చిన కార్డులు చూపించాను. ఆయన వాటిని చూసి అడిగారు.

"క్లబ్ వాళ్లు నీతో మాట్లాడారా?"

లేదన్నాను. నన్నలా అనుమానించినందుకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం నేను ఏమేం చేశానో వరసగా చెప్పించుకున్నారు.

"రాగి మీద సీసం కాల్చావన్నమాట. నేను ఆ బ్యారెల్‌లో ఫ్యాక్టరీవి ఎప్పుడూ కాల్చనమ్మా."

ఫ్యాక్టరీ తూటాలు బ్యారెల్ లోపల సన్నటి రాగి పొర వదులుతాయి. దానికి సీసం అంటుకుంటే తర్వాతి గుండు దారి తప్పుతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. సాకు చెబుతున్నారేమోనని ఒక పక్క అనిపిస్తూనే ఉంది. అయినా రాగి, సీసం పూర్తిగా వదిలించి, ఆయన్ని వెనక కూర్చోబెట్టి మళ్లీ కాల్చాను. మొదటి నాలుగూ అటూ ఇటూ పోయాయి. గుళ్లకి రాసిన మైనం బ్యారెల్‌కి పట్టాక దగ్గరపడ్డాయి. మూడు గ్రూపులు కాల్చాను. మూడూ మంచివే, కానీ ఒక్కటీ ఆయన కార్డంత చిన్నది కాదు. దాదాపు రెండింతలున్నాయి.

"ఆ కార్డు ఎన్నింట్లోంచి ఏరి తెచ్చారంకుల్?"

ఆయన షూటింగ్ రేంజ్ చివరనున్న మట్టిగట్టు వైపు చూశారు. "పదకొండు."

"మిగతావి?"

"గరాజ్‌లో ఉన్నాయి. ఎవరూ అడగలేదు."

మొదటి టెస్టులో నా తప్పు, తర్వాతి మూడు గ్రూపుల సగటు, రెండూ రిపోర్టులో రాశాను. పదకొండు కార్డులూ జతచేయమన్నాను. ఆయనకి నచ్చలేదు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడోరోజు అన్నీ కవర్లో పెట్టి తెచ్చిచ్చారు. కార్డులన్నీ చూశాక క్లబ్ వాళ్లు పోటీల్లో ఆయన పేరు ఉంచారు. ఆ ఏటి పోటీలో పెద్ద స్థానమేమీ రాలేదని ఆయనే చెప్పారు.

ఇప్పుడు రైఫిల్ ముట్టుకోకముందే కస్టమర్‌ని రెండు విషయాలు అడుగుతాను. బ్యారెల్ ఎలా క్లీన్ చేస్తారు, తెచ్చిన కార్డు కాక మిగతా కార్డులు ఎక్కడున్నాయి అని. మొదటిదానికి అందరూ వెంటనే జవాబు చెబుతారు.