కులవ విని ఇంటికి పంపిన డాక్టరు

డాక్టర్ గురుసామి గారు పరమపదించారన్న వార్త నాకు ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో తెలిసింది. లోపల రోగి సిద్ధంగా ఉంది. ఎనభై దాటిన మనిషే, అయినా ఆయన పోతారని నేనెన్నడూ అనుకోలేదు. ఏడుస్తూ నిలబడితే మొట్టికాయ వేసేవారే. కేసు ముగించుకుని వచ్చాకే ఏడ్చాను.

రాజపాళయం చుట్టుపక్కల గొంతు వాపుతో వచ్చినవారికి ఆయనది అభయహస్తం. కత్తి దించి ఏళ్ళయినా రోజూ వార్డుకు వచ్చి మా తప్పులు పట్టేవారు. థైరాయిడ్ శస్త్రచికిత్సలో పక్కనున్న సన్నని నరాలు నలిగితే కంఠం మారుతుందనీ, వెనుకనున్న చిన్న గ్రంథులు దెబ్బతింటే రక్తంలో కాల్షియం పడిపోతుందనీ మొదటి రోజే బోధించారు.

మంసాపురం రైతు ఒకాయన నీళ్ళ వంతు తప్పిపోతుందని వేళ్ళ తిమ్మిరి దాచి, ఆపరేషన్ మరునాడే సంచీ సర్దుకున్నాడు. గురుసామి గారు అతని చెంప మీద వేలితో తట్టారు. పెదవి టక్కున అదిరింది, కాల్షియం పడిపోయిందనడానికి అదే గుర్తు. "నీ నోరు బొంకినా నీ చెంప బొంకలేదప్పా. పడుకో, నీళ్ళు నీ తమ్ముడు కట్టుకొంటాడు" అన్నారు. కాల్షియం ఎక్కించుకుంటూ అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ రైతే.

కంఠానికి ఆయన పరీక్ష మరీ విచిత్రం. జాతరలో మా ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ తారస్థాయిలో వేసే కులవను ఆపరేషన్‌కు ముందూ తరువాతా వేయించేవారు. ఆ స్థాయి అందితేనే గొంతును పైకి లేపే పై నరం క్షేమమని ఆయన సిద్ధాంతం. మంగళధ్వనికి వార్డు పెళ్ళిల్లయ్యేది. "కొస దాకా విన్నావా?" అన్నది మాకు ఆయన నిత్యప్రశ్న.

చోళపురం అళగమ్మాళ్‌కు ఆపరేషన్ చేసింది నేనే. ఊరి జాతరలో కులవ మొదలుపెట్టే గొంతు ఆమెది. మరునాడు చక్కగా మాట్లాడింది, నేను పొంగిపోయాను. కులవకు నోరు తెరిస్తే మాత్రం ఉత్త గాలి వచ్చింది.

"మాట వస్తా ఉంది కదా సార్" అన్నాను.

"ఆమెకు మాట ఒకటే చాలునా? పో, నా చేతిలో తప్పు జరిగినాదని నువ్వే చెప్పు."

చెప్పాను. "జాతర పొంగలికి నేను లేక ఎట్ల?" అని ఆమె ఏడ్చింది. ఆయన పక్కన కూర్చున్నారు. "నరము తెగలేదు తాయీ, నలిగినాది. కొంజం ఓర్చుకో."

ఇక కత్తి పట్టనన్నాను. "పట్టకుంటే ఆమె గొంతు వస్తుందా? వారం వారం చోళపురం పోయి, విని వచ్చి నాకు చెప్పు" అన్నారు. నెలల తరబడి బస్సెక్కాను. ఆమె పెట్టిన మురుకులు తిని లావయ్యాను కూడా. పోయిన వారం ఆ వాకిట్లో కులవ లేచింది, కొసన విరిగింది. ఫోన్ చేస్తే, "విరిగినాదా? అయితే మళ్ళీ పో" అని పెద్దగా నవ్వారు. నేను మళ్ళీ వెళ్ళేలోపే ఆయన వెళ్ళిపోయారు.

నిండు వయసులో పోయినవారికి మా దగ్గర కల్యాణ సావు అని మేళం పెడతారు. మెడ మీద సన్నని గాటు ఉన్న ఆడవాళ్ళు వీధి నిండా వచ్చారు. అళగమ్మాళ్ నా పక్కన చేరింది.

"ఏమి డాక్టరమ్మా, ఊరికే నిలిచినారు? ఈ వారం వినేది లేదా?"

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టింది. వీధి వీధంతా అందుకుంది. నేను ఆమె గొంతునే పట్టుకుని విన్నాను. అంత శ్రద్ధగా మమ్మల్ని ప్రశ్నించేవారు ఇక మాకు లేరు, రారు. అయినా ఆయనకు జవాబు బాకీ ఉన్నాను కనుక చెబుతున్నాను.

కొస దాకా విన్నాను సార్. విరగలేదు.